నీలికాడ గొడుగు గొప్పదా, బావురు పిల్లి గొప్పదా

నమోదు 1

పోలికల శాఖలో నా అంత వేగంగా పని ముగించేవాళ్ళు లేరు. ఈ మాట శాఖవారే అన్నారు. వాళ్ళు అనకపోయినా నేనే అనుకునేదాన్ని. గుడ్లగూబకీ గుర్రపుడెక్కకీ పోలిక రెండు రోజుల్లో తేల్చాను. తాబేలుకీ తాటిచెట్టుకీ మధ్యాహ్నం భోజనంలోపు తేలిపోయింది.

ఈసారి మడ అడవికి పంపారు. జనాన్నీ సరుకునూ దాటించే పంటు నన్నూ, నా ట్రంకుపెట్టెనూ, తూకాన్నీ మధ్యదిబ్బ మీద దించి వెళ్ళిపోయింది. తూకం అంటే శాఖవారి యంత్రం. చూడ్డానికి టిఫిన్ క్యారియర్ అంతే ఉంటుంది కాని గొంతు మాత్రం జిల్లా జడ్జిది. జీవులను తూచి ఏది ఎక్కువో ఏది తక్కువో చెప్పడం దాని పని. అది చెప్పిన దానికి 'సరే' అనడం నా పని.

దిబ్బకు తూర్పున పిల్లిలంక, పడమట గొడుగులంక. సముద్రం లోపలికి వచ్చేశాక ఈ చుట్టుపక్కల మిగిలిన ఊళ్ళు ఈ రెండే. ఒక్కో లంకలో ఒక్కో తుంపర స్తంభం ఉంది. గాలిలోని తేమను పిండి మంచినీళ్ళు చిలకరిస్తుంది. ఆ తుంపర మీద పిల్లిలంకలో బావురు పిల్లులు బతుకుతున్నాయి, గొడుగులంకలో తెల్లమడ దుంగల మీద నీలికాడ గొడుగులనే పుట్టగొడుగులు లేస్తున్నాయి. భూమ్మీద ఇంకెక్కడా ఇవి లేవు. జనం తాగేదీ ఆ నీళ్ళే. కాని మనుషులు అరుదైన జాతి కాదు కాబట్టి శాఖవారి లెక్కలో వాళ్ళ ఊసు లేదు.

ఇప్పుడు రెండు స్తంభాలకూ కరెంటు చాలడం లేదట. పిల్లినీ పుట్టగొడుగునూ పోల్చి, ఏది తక్కువో దాని స్తంభం పీకి పంటు ఎక్కించాలి. స్తంభం వెనకే ఆ లంక జనమూ ఎక్కాలి. నీళ్ళు లేని చోట ఏం చేస్తారు?

ఈ పని కాగానే నాకు ఆదోనికి బదిలీ. అక్కడ నా కోసం ఎదురుచూసేవాళ్ళు ఎవరూ లేరు. అయినా నేల పొడిగా ఉంటుంది. ఇక్కడ దిగిన గంటలోనే నా చెప్పుల్లో ఒక పీత కాపురం పెట్టింది.

నమోదు 2

ఉదయం రెండు పక్షాలూ వచ్చాయి. పిల్లిలంక పెద్ద సంగాడి నూకరాజు. బొర్రమీసాలు, వలలు లాగి లాగి కాయలు కాసిన చేతులు. ఆయన వెనక నలుగురు వెదురు బోనులో పిల్లిని మోసుకొచ్చారు. బూడిదరంగు ఒళ్ళు, నల్లటి చుక్కలు, పొట్టి తోక, వేళ్ళ మధ్య పొర. నీళ్ళలో మునిగి చేపను పట్టే పిల్లి. బోనులోంచి నన్ను చూసిన చూపుకు నేనే తల దించుకున్నాను.

గొడుగులంక పెద్ద మల్లాడి వీరవేణి. సన్నగా, నిటారుగా ఉంటుంది. మాట మాత్రం చింతబరికె. వాళ్ళు ఒక దుంగను పల్లకీలో తెచ్చారు. దాని మీద నీలికాడలతో, పాలతెలుపు గొడుగులతో ఒక గుంపు. వాసన చూస్తే అచ్చం ఎండుచేప.

వచ్చిన దగ్గర్నుంచి కొట్టుకుంటారని, నాకు పని తేలికవుతుందని అనుకున్నాను. నూకరాజు చేతులు జోడించాడు.

"బాగున్నారా చెల్లెమ్మగారూ? గొడుగులన్నీ కులాసాయేనా అండి?"

"మీ దయవల్ల బాగున్నాయి అన్నయ్యగారూ. పిల్లిగారు దారిలో ఏవైనా తిన్నారా? మొహం సూత్తే నీరసంగా ఉన్నారు."

ఇక్కడ ఒక ఆచారం ఉందని అప్పుడు తెలిసింది. ఈ ప్రాంతంలో ఎదుటిపక్షం అంటే వియ్యాలవారు. ఊరు మునుగుతున్నా సరే, మర్యాదలో లోటు రాకూడదు. పడవ పందెం పెట్టుకున్నా, కోర్టుకెక్కినా ఇదే వరస. అందుకే పిల్లిని చూసుకునే బాధ్యత పుట్టగొడుగు పక్షం తీసుకుంది, పుట్టగొడుగును చూసుకునే బాధ్యత పిల్లి పక్షం తీసుకుంది. అతిథిని సొంతవాళ్ళు పోషించుకుంటే ఎదుటివాళ్ళకు తలవంపులట.

"మరి పెట్టెగారేం తీసుకుంటారండి?" అని వీరవేణి తూకం వైపు చూసి అడిగింది. అదేమీ తీసుకోదన్నాను. ఆవిడ నమ్మలేదు. దాని ముందు కాఫీ గ్లాసు పెట్టింది.

నమోదు 3

ఈ రోజు పని జరగలేదు. పిల్లి తూకం మీద కూర్చుంది.

నమోదు 4

లేవదీశాం. నా చేతికి మూడు గీతలు. పని మొదలైంది.

"కాళ్ళు," అంది తూకం.

"పిల్లికి నాలుగు. గొడుగుకు ఒకటి."

"నాలుగు కాళ్ళ మీద నిలబడటం సులభం. ఒంటికాలి మీద నిలబడటం నేర్పు. గొడుగుకు ఒక మెట్టు. పిలిస్తే పలుకుతుందా?"

పిల్లిని పిలిచాను. పలకలేదు. గొడుగును పిలిచాను. పక్కనున్న జనం చూస్తుండగా ఒక పుట్టగొడుగును పేరు పెట్టి పిలవడానికి నా ఇరవయ్యేళ్ళ సర్వీసు అడ్డం రాలేదు.

"రెండూ పలకలేదు. అయితే గొడుగుకు వినయం వల్ల, పిల్లికి పొగరు వల్ల అని భావించవచ్చు. సంతానం?"

"పిల్లికి ఈతకు రెండు మూడు కూనలు. గొడుగుకు కోట్లలో పొడి రేణువులు."

"సంతానాన్ని సాకుతుందా?"

"పిల్లి సాకుతుంది. గొడుగు గాలికి వదిలేస్తుంది."

"పిల్లికి ఒక మెట్టు. సమానం. రేపు."

మధ్యాహ్నం నాకు రెండు లంకల నుంచీ రెండు భోజనాలు వచ్చాయి. ఒకదాన్ని ముట్టి ఇంకోదాన్ని వదిలేస్తే లంకాదహనమే. పండుగప్ప పులుసు, రొయ్యల వేపుడు, మళ్ళీ పండుగప్ప పులుసు. చాలు అంటే మొహమాటం అనుకుంటారు. వద్దు అంటే సిగ్గు అనుకుంటారు. విస్తరికి రెండు చేతులూ అడ్డం పెడితే చేతుల మీద వడ్డించారు. మా వైపు చాలంటే చాలనే అర్థం. ఈ జనంతో వేగలేక నా తల బొప్పి కడుతోంది.

నమోదు 6

ఘోరం జరుగుతోంది. గొడుగులంకవాళ్ళు పిల్లికి పూటకో రకం చేప పెడుతున్నారు. ముళ్ళు ఏరి, వేలితో మెదిపి, అరటాకులో. వీరవేణి స్వయంగా పక్కన కూర్చుని విసురుతోంది. పిల్లి పొట్ట నేలకు తాకుతోంది. ఈ ఉదయం తూకం పరీక్ష పెట్టింది. బోను తలుపు తీసి, కాలవలో బతికున్న చేపలు వదిలి, పిల్లి పట్టాలి అంది. పిల్లి కాలవ గట్టున కూర్చుని నీళ్ళకేసి చూసింది, వీరవేణికేసి చూసింది. చేపను తెచ్చి పెడతారేమోనని ఎదురుచూసింది.

"నీళ్ళలో దిగని నీటిపిల్లి," అని తూకం నమోదు చేసింది.

పిల్లిలంకవాళ్ళు తక్కువ తిన్నారా? దుంగకు బియ్యం కడిగిన నీళ్ళు, చేపలు కడిగిన నీళ్ళు, కొబ్బరినీళ్ళు. ఎండ తగలకుండా ఒక మనిషి తాటాకు గొడుగు పట్టుకుని నిలబడుతున్నాడు. పుట్టగొడుగుకు గొడుగు పట్టడం నా సర్వీసులో మొదటిసారి చూశాను. నీలికాడలు బలిసి చేటలంత అయ్యాయి. రెండు ఆ బరువుకే పక్కకు వాలిపోయాయి.

"తన తల తాను మోయలేని జీవి," అంది తూకం. కాసేపాగి మళ్ళీ అంది. "ప్రతి పక్షమూ ఎదుటి పక్షం జీవిని తిండితో చంపాలని చూస్తోంది. ఇది కుట్ర."

"కుట్ర కాదు. మర్యాద," అన్నాను.

"మర్యాద అంటే ఏమిటి?"

ఒక పెట్టెకు మర్యాద ఏమిటో చెప్పడానికి నాకు చాలాసేపు పట్టింది. ఎదుటివాళ్ళకు అక్కర్లేనిది బలవంతంగా ఇవ్వడం, మనకు కావలసింది మూడుసార్లు వద్దనడం అని చెప్పాను. అది విని, "అర్థమైంది. కుట్ర," అంది.

నూకరాజును పక్కకు పిలిచి గట్టిగా చెప్పాను. "పుట్టగొడుగును మీరు మేపడం ఆపండి. ఆవిడ మీ పిల్లిని మేపడం ఆపుతుంది. లేకపోతే ఇద్దరూ మునుగుతారు."

ఆయన మొహం వాడిపోయింది. "తవరు సెప్పింది నిజవేనండి. కానీ ముందు ఆవిడ ఆపాలి కదండి? నేను ఆపేత్తే, సంగాడోళ్ళు పెట్టలేక ఆపేసేరంటారు."

వీరవేణి కూడా ఇదే మాట అంది. ఆయన పేరు పెట్టి.

నమోదు 8

రేపు విచారణ. ప్రతి పక్షమూ తన జీవి గొప్పేమిటో చెప్పుకోవాలి. సాయంత్రం వీరవేణి నా పాకకు వచ్చి అరుగు మీద కూర్చుంది. ఈసారి చేతిలో గిన్నె లేదు.

"తీర్పు మామీదికొత్తే ఎక్కడికి పంపుతారండి మమ్మల్ని?" అని అడిగింది.

పట్నంలో షెడ్లు ఉన్నాయన్నాను. అంతస్తుల మీద అంతస్తులు. కుళాయి ఉంటుంది.

"మరి గొడుగులో?"

నేను ట్రంకుపెట్టె మూత తీసి మళ్ళీ వేశాను. ఆవిడ తన సంగతి చెప్పుకొచ్చింది. పెళ్ళై వచ్చిన కొత్తలో దుంగల మీద ఈ గొడుగులు నీలంగా లేవడం చూసి ఏడుపు ఆగిపోయిందట. అప్పటికి మొగుడి మొహం కూడా సరిగ్గా చూడలేదు, ముందు ఇవే నచ్చాయి అని చెప్పి నవ్వింది. నూకరాజు చిన్నప్పుడు తుఫానులో తప్పిపోతే, పిల్లి అరుపు పట్టుకుని మడలోంచి బయటపడ్డాడని కూడా ఆవిడే చెప్పింది. ఎదుటిపక్షం గొప్ప చెప్పేటప్పుడు ఆవిడ గొంతు ఎక్కువ పలికింది.

"రేపు ఇదంతా చెప్పండి. మీ గొడుగు గురించి మీరు, దాచుకోకుండా," అన్నాను.

"సెప్తానండి," అంది. నాకెందుకో నమ్మకం కుదరలేదు.

ఎనభై పోలికలు చేశాను. ఓడిన జీవి ఎటుపోయిందో ఎప్పుడూ అడగలేదు. ఈ రోజు అన్నం సహించలేదు. రెండు భోజనాలూ తిన్నాననుకోండి, వేరే దారి లేదు.

నమోదు 9

సర్వనాశనం.

దిబ్బ మీద రెండు లంకల జనమూ చేరారు. ఉతికిన బట్టలు, తలకు నూనె. పంటు అప్పటికే వచ్చి, గొలుసులు దించుకుని కాచుకుని ఉంది. తూకం ముందుగా పిల్లి పక్షాన్ని పిలిచింది.

నూకరాజు లేచాడు. గొంతు సవరించుకున్నాడు. ఎదురుగా వియ్యాలవారంతా కూర్చుని ఉన్నారు. వాళ్ళ ముందు సొంత సరుకు పొగుడుకోవడం ఆయన వంశంలో లేదు.

"మాదేవుందండి," అన్నాడు. "ఏదో పిల్లి. వాళ్ళ గొడుగుల ముందు ఏపాటిదండి అది!"

"నమోదు చేశాను," అంది తూకం. "పిల్లి ఏపాటిదీ కాదు. గొడుగు పక్షం."

నేను వీరవేణికి సైగలు చేశాను. కళ్ళెగరేశాను. కుర్చీలోంచి లేవబోయి కాలు జారి పడ్డాను. ఆవిడ నిటారుగా నిలబడి చేతులు జోడించింది.

"అన్నయ్యగారు పెద్దమనసుతో అన్నారు గానండి, మావేం గొడుగులండి? వానకి లేత్తాయి, ఎండకి పోతాయి. ఎండుచేప కంపు కొడతాయి. ఆ పిల్లిగారి కాలిగోటికి సాటొత్తాయా?"

"అంతమాటనకండి చెల్లెమ్మగారూ! మా పిల్లి ఒట్టి తిండిపోతండి!"

"మా గొడుగులు ఒట్టి బూజండి!"

అలా ఇద్దరూ వంతులు వేసుకుని తమవాటిని తిట్టుకున్నారు. జనం ఆనందంగా తలలూపుతున్నారు. ఇంత మర్యాదగల విచారణ ఈ తీరంలో జరగలేదని ఒక ముసలాయన కళ్ళు తుడుచుకున్నాడు.

"రెండు జీవులూ పనికిరావని ఇరుపక్షాలూ ఒప్పుకున్నాయి," అంది తూకం. "రెండు స్తంభాలూ తీసివేయాలి. పోల్చే అధికారిణి 'సరే' అనాలి."

జనం తలలూపడం ఆపేశారు. నూకరాజు కూర్చోబోయి, కూర్చోలేక, చేతులు అలాగే గాలిలో పెట్టుకుని నిలబడ్డాడు. ఇప్పుడైనా మాట మార్చుకోండని ఇద్దరినీ బతిమాలాను. ఇద్దరూ నోరు తెరిచారు, ఒకరినొకరు చూసుకున్నారు, మూసుకున్నారు. ఎదుటివాళ్ళు మార్చుకోకముందు తాము మార్చుకోవడం ఎలా?

"సరే అనండి," అంది తూకం.

'సరే' అంటే ఆదోని. పొడి నేల. నా నాలుక మీదికి వచ్చిన మాటే అది, ఎనభైసార్లు అలవాటైంది. ఈసారి నోరు దాటి రాలేదు.

"అననంటే?"

"కారణం చెప్పాలి. యంత్రం తప్పైతే, తప్పు చూపాలి. నేను తప్పు చేయను. అధికారిణికి చేతకాకపోతే, పోలిక అలాగే ఆగుతుంది. చేతనయ్యే వరకు ఆవిడ ఇక్కడే ఉండాలి. ఏ స్తంభాన్నీ కదపకూడదు, కరెంటూ ఆపకూడదు. బదిలీ, పదోన్నతి ఉండవు."

చెవులారా విన్నాను. పోలికల శాఖలో అందరికంటే చురుకైనదాన్ని. నా వేగం గురించి కొత్తవాళ్ళకు పాఠాలు చెప్తారు.

"నాకు చేతకావడం లేదు," అన్నాను.

తూకం నమోదు చేయబోయింది. అంతలో రెండు లంకల జనమూ ఒక్కసారిగా లేచారు.

"ఎంతమాటన్నారు మేడమ్ గారూ!" అన్నాడు నూకరాజు. "తవరికి సేతకాకపోవడవేంటండి! తవరంత తెలివైనోళ్ళు ఈ గోదారి జిల్లాల్లోనే లేరండి!"

"చేతకాదనడానికి ఇద్దరు సాక్షులు కావాలి," అంది తూకం. "సాక్షులు అధికారిణి తెలివైనదని అంటున్నారు."

"అయ్యా, మీరు నోరు మూయండి!" అని నూకరాజు మీద అరిచాను. "నేను నిజంగా దద్దమ్మను. నాకేమీ తెలియదు!"

"అయ్యయ్యో! సూడండి ఎంత వినయవో! సదువుకున్నోళ్ళంటే ఇలాగుండాలి!" అని జనం చప్పట్లు కొట్టారు.

నాకు ఏడుపొచ్చింది. నిజంగా, అందరి ముందూ, ముక్కు కారేంత ఏడుపు. అతిథిని వీళ్ళు చచ్చినా ఒకమాట అనరు. నన్ను పొగిడి పొగిడి వాళ్ళ కొంప వాళ్ళే ముంచుకుంటున్నారు.

వీరవేణి నన్నే చూస్తోంది. నెమ్మదిగా నడిచి నా దగ్గరికి వచ్చింది. కొంగుతో నా మొహం తుడిచింది, కాస్త మోటుగానే. తర్వాత నా భుజం మీద చెయ్యి వేసి తూకం వైపు తిరిగింది.

"పెట్టెగారూ, ఇది మా పిల్లండి," అంది. "పరాయోళ్ళ ముందు మా పిల్లని పొగుడుకోకూడదు గాబట్టి ఉన్నమాట సెప్తాను. దీనికేం తెలీదండి. విస్తరి ముందు కూకోడం కూడా రాదు. వయసొచ్చింది గానీ బుర్ర రాలేదు."

నూకరాజుకు అర్థం కావడానికి రెండు గుటకలు పట్టింది. ఆపైన మీసం తుడుచుకున్నాడు.

"మా మేనకోడలేనండి," అన్నాడు. "ఒట్టి మొద్దు. పిల్లికీ పుట్టగొడుక్కీ తేడా అడిగితే సెప్పలేదు. దీన్ని ఏ పనికి పెట్టుకున్నారో మీకే తెలియాలి."

వెనకనుంచి జనం అందుకున్నారు. నడకే తిన్నగా రాదండి. చెప్పుల్లో పీతుంటే చూసుకోదండి. మా ఇంటా వంటా ఇలాంటిది లేదండి. ఒక్కొక్కరూ సొంతదాన్ని తిట్టుకున్నంత ప్రేమగా నన్ను తిట్టారు.

"ఇరుపక్షాల సాక్ష్యం ఏకగ్రీవం," అంది తూకం. "అధికారిణికి చేతకాదు. పోలిక ఆపబడింది."

పంటు గొలుసులు పైకి లాగుకుని ఖాళీగా వెళ్ళిపోయింది.

నమోదు 10

ఈ రోజు మధ్యాహ్నం నాకు రెండు భోజనాలు రాలేదు. ఒకటీ రాలేదు. ఆకలేసి గొడుగులంకకు వెళ్తే, వీరవేణి నా చేతికి చెంబు ఇచ్చి, "మనిల్లే కదే హైమా, నీళ్ళు నువ్వు ముంచుకోలేవా?" అంది. మగవాళ్ళందరూ తిన్నాక, చుట్టాలు తిన్నాక, పిల్లి తిన్నాక, పొయ్యి పక్కన పీట వేసి నాకు పెట్టారు. తోకముక్క వచ్చింది, అడుగంటిన అన్నం వచ్చింది. చాలన్నాను. చాలంటే ఆపేశారు.